మా వీధి మునగలేదట

వరద తీసిన తొమ్మిదో రోజున మా వీధి మునగలేదని మాకు తెలిసింది.

వార్డు ఆఫీసు గోడకు ముంపు వీధుల జాబితా అంటించారు. నూలుమిల్లు కాలనీలో పన్నెండు వీధులుంటే పదకొండింటి పేర్లున్నాయి. మాది నాలుగో వీధి. జాబితాలో మూడు తర్వాత అయిదు ఉంది. మావారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. మళ్లీ అయిదే ఉంది.

"మూడో వీధి నుంచి అయిదో వీధికి నీళ్లు గెంతి ఉంటాయిలే," అన్నారు. ఆయనకు ప్రభుత్వం మీద నమ్మకం ఎక్కువ.

నాకు గుర్తున్నది మాత్రం వేరు. ఆదివారం పొద్దున సుద్దేరు కట్ట తెగింది. ఫిల్టరులో డికాక్షన్ దిగేలోపు వంటింట్లో నీళ్లు చీలమండలు దాటాయి. మావారు పేపరు చదవడం అయ్యేలోపు మోకాళ్లు దాటాయి. తర్వాత మూడు రోజులు మేమిద్దరం, మా వెనక వాటాలో అద్దెకుండే సలోమి, మేడ మీద టార్పాలిన్ కింద గడిపాం.

సలోమి బట్టలు కుడుతుంది. భర్త పోయి ఆరేళ్లయింది. కాలనీ చివరి బడి పిల్లల యూనిఫారాలు ఏటా ఆమే కుట్టాలి. ఆమె కాలి మిషనును మేడ ఎక్కించాలని ముగ్గురం చూశాం. ఇనప స్టాండు మూడో మెట్టు దగ్గర గోడకు పట్టేసింది. నీళ్లు తరుముకొస్తుంటే దాన్ని మళ్లీ ఆమె గదిలోనే దింపి పైకి పరిగెత్తాం. మిషను తల మీదుగా నీళ్లు మూసుకుపోవడం సలోమి మెట్ల మీద నిలబడి చూసింది. ఏడవలేదు.

"దారపు ఉండలు తేలతన్నాయి వదినగారూ," అంది, అంతే.

నీళ్లు తీశాక మైకు కట్టిన ఆటో వచ్చింది. "ప్రజలకు విజ్ఞప్తి! మూడు దినములలోగా గోడలు, నేలలు బ్లీచింగుతో కడిగి, వరద ఆనవాళ్లు లేకుండా చేయవలెను. చేయనివారిపై చర్య తీసుకొనబడును!" ఆటో చెప్పకపోయినా నేను కడిగేదాన్నే. గోడ మీద బురద గీత పెట్టుకుని అన్నం తినడం నావల్ల కాదు. కొబ్బరి పీచు, బ్లీచింగు, మూడు బకెట్ల సర్ఫు నీళ్లు. రెండు రోజుల్లో మా వాటా అద్దంలా అయింది. అక్కడితో ఆగితే బాగుండేది. సలోమి వాటాలోకి వెళ్లాను.

"ఉండనియ్యండి వదినగారూ, ముందు మిషను సంగతి చూసుకుని నేనే కడుక్కుంటా," అంది ఆమె.

"ఆరితే పట్టేస్తుంది సలోమీ," అని, ఆమె గోడ కూడా నేనే తోమేశాను. మిషను మెకానిక్కు దగ్గర నుంచి ఆమె తిరిగొచ్చేసరికి గీత మచ్చుకైనా లేదు. ఆరోగ్య విభాగంవాళ్లు వచ్చి చూసి, మా రెండు తలుపులకీ 'శుభ్ర గృహం' అని ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించారు. నాలుగో వీధిలో మొదటివి మావే. ఆ సాయంత్రం నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

జాబితా చూసిన మర్నాడు పరాంకుశం గారు వచ్చారు. ఆయన ముంపు నిర్ధారణ ప్రత్యేకాధికారి. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. వెనక కొలత టేపుతో ఒక సహాయకుడు. ఆయన నాలుగు గోడలూ చూసి, నా వైపు తిరిగారు.

"రేఖ ఎక్కడమ్మా?"

"ఏ రేఖండీ?"

ఆయన ఫైలు తెరిచి చదివారు. "ఇంటి లోపలి గోడపై నేల నుండి మూడు అడుగులకు తక్కువ కాని ఎత్తులో, స్పష్టముగాను, అవిచ్ఛిన్నముగాను వరద రేఖ ఉన్న గృహము మాత్రమే ముంపునకు గురైనట్లు పరిగణించబడును."

"కడిగేశామండీ."

"ఎందుకు కడిగారు?"

"కడక్కపోతే చర్య తీసుకుంటామన్నారు కదా, మీ ఆటోలో."

"ఆ ఆటో ఆరోగ్య విభాగానిది. మాది ముంపు నిర్ధారణ విభాగం. వారి ఆటోతో మాకు ఎట్టి సంబంధమూ లేదు." ఆయన తలుపు మీది స్టిక్కరు చూసి ఆగారు. "ఇదిగో. ఈ గృహంలో వరద ఆనవాళ్లు లేవని ప్రభుత్వమే ధ్రువీకరించింది. ఇంక నన్నేం చేయమంటారు?"

నా ఫోనులో ఫొటోలు చూపించాను. మా వీధి, మా గేటు, గేటు మీదుగా నీళ్లు, ఆ నీళ్ల మీద మా ఫ్రిజ్జు.

"ఫొటోలో నీళ్లు కనబడుతున్నాయి," అని ఆయన ఒప్పుకున్నారు. "నీళ్లు వేరమ్మా, ముంపు వేరు. ముంపు అనగా రేఖ."

సలోమి తన మిషను చూపించింది. మెకానిక్కు విప్పి చూసి, లాభం లేదని మళ్లీ బిగించి పంపిన ఇనప ముద్ద అది. చక్రం తిరగదు. సూది కడ్డీ ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ముంపు ఇళ్లలో పనిముట్లు పోయినవాళ్లకు కొత్తవి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బడిలో పిల్లల యూనిఫారాలన్నీ బురదపాలయ్యాయి. నెలాఖరులోగా అరవై జతలు కుట్టి ఇవ్వగలిగితే పని సలోమిదే, లేకపోతే రెడీమేడ్ షాపుకు ఇచ్చేస్తానని హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది. ఒకసారి షాపుకు వెళ్లిన పని మళ్లీ ఇంటికి రాదని సలోమికి తెలుసు.

"తుప్పు వరద వల్లనే పట్టినట్లు దాఖలా లేదు," అన్నారు పరాంకుశం గారు. "అజాగ్రత్త వలన కూడా పట్టును."

"పది రోజుల్లోనా సార్?"

"అది అజాగ్రత్త తీవ్రతను బట్టి ఉంటుంది."

సలోమి మిషను మీద గుడ్డ కప్పేసింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది నాకు. అటక మీద ఉండబట్టి బతికిపోయిన నా పెళ్లినాటి చేతి మిషను దింపి ఆమెకిచ్చాను. ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో గుడ్డ జరపాలి. రోజుకు రెండు జతలు తెమిలితే గొప్ప.

మా వీధిలో గోడ కడగని ఇల్లు ఒక్కటే ఉంది. బసవేశ్వరరావు గారిది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ముప్పయ్యేళ్లు ఈల ఊది పనులు చేయించిన మనిషి కావడంతో స్వయంగా చేసే అలవాటు పోయింది. వాళ్లావిడ నడుం నొప్పితో మంచంలో ఉంది. ఆయన హాల్లో నాలుగడుగుల ఎత్తున, ముదురు గోధుమ రంగులో, ఎక్కడా తెగని రేఖ ఉంది. పరాంకుశం గారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. సహాయకుడు నాలుగు మూలలా లక్క సీళ్లు వేశాడు. 'ప్రభుత్వ సాక్ష్యము. తాకరాదు, తుడవరాదు, ఆనుకొనరాదు' అని బోర్డు పెట్టారు. వాళ్లావిడ మంచం గోడకు ఆని ఉందని దాన్ని వంటింట్లోకి జరిపించారు.

"చూశారా అమ్మా," అన్నారు బసవేశ్వరరావు గారు నాతో, "మీరంతా తొందరపడ్డారు. వరదొచ్చినప్పుడు మనిషికి నిదానం ఉండాలి."

మూడు రోజులపాటు జనం ఆయనింటికి వచ్చి రేఖ చూసి వెళ్లారు. చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వెళ్లడం కూడా కనిపించింది.

తర్వాత పెయింటర్ అప్పలకొండ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. చేతిలో రంగుల కార్డు. "మామూలు గీత కావాలా, బురద ఫినిషింగా అమ్మా? ఫినిషింగైతే పైన చిన్న చిన్న చెత్త ముక్కలు కూడా అంటిస్తాం. ముట్టుకుంటే రాల్తాయి. అచ్చం సుద్దేరే." వారం తిరిగేసరికి నాలుగో వీధి అంతా మునిగింది. మేడ మీది వాటాలు కూడా రెండు మునిగాయి.

నేను సలోమి వాటాలోకి వెళ్లాను. ఆమె చేతి మిషను దగ్గర కూర్చుని ఉంది.

"నీ గీత చెరిపింది నేను," అన్నాను. "అప్పలకొండను పిలిపిస్తాను."

"ఉన్న గీత చెరిపేసి లేని గీత గీయించుకోడమేంటి వదినగారూ? నేను గీత గీస్తే గుడ్డ మీద గీస్తా. కత్తిరేసినాక కొలత తేడా వస్తే నాదే పూచీ. ఈ గోడ మీద గీతకి పూచీ ఎవరు?"

నాకు అప్పుడు సిగ్గేసింది, కాని బలవంతం చేయకపోవడమే మంచిదయింది. ఒక్క వారంలో ఇన్ని రేఖలు ఎలా మొలిచాయని అనుమానం వచ్చి, పరాంకుశం గారు రేఖా ప్రామాణికతా కమిటీ వేయించారు. కమిటీవాళ్లు మేస్త్రీలు వాడే రసమట్టం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నీరు సమమట్టంగా ఉంటుంది కాబట్టి నిజమైన రేఖ కూడా సమమట్టంగా ఉండాలన్నది వాళ్ల సూత్రం. అప్పలకొండ గీతలన్నీ నెగ్గాయి. అతను రసమట్టం పెట్టే గీస్తాడు. ఒక్క గీత మాత్రం పోయింది, కింద తన పేరు, ఫోను నంబరు రాసుకున్నది.

బసవేశ్వరరావు గారి రేఖ ఒక కొసన అంగుళమున్నర పైకి లేచింది. వరదప్పుడు పెద్దలెవరో మోటారు పడవలో పరామర్శకు వచ్చి ఆయన కిటికీ పక్కనుంచి రెండుసార్లు తిరిగారు. ఆ అలలకు అటువైపు గోడ కొంచెం ఎక్కువ తడిసింది.

"నీరు ప్రకృతి నియమములను పాటించును," అన్నారు పరాంకుశం గారు. "ఈ రేఖ పాటించుట లేదు. ఇది నకిలీ."

"నకిలీ ఏంటండీ! సీలు వేసింది మీరేగా!" అన్నారు మాస్టారు.

"సీళ్లు అసలైనవే. రేఖయే నకిలీ."

ఆ సాయంత్రం మా వీధిలో మొదటిసారి బసవేశ్వరరావు గారు స్వయంగా గోడ కడగడం చూశాం.

ఇక నేను అర్జీ రాశాను. కాలేజీలో వ్యాసరచనకు బహుమతులు తెచ్చుకున్న చేయి కాబట్టి కాస్త పొందికగానే రాశాను. మూడో వీధి, అయిదో వీధి మా వీధికన్నా పల్లంలో లేవనీ, అవి మునిగినప్పుడు మధ్యనున్నది మునగకుండా ఉండదనీ, నీరు మా వీధిలో ఎంత ఎత్తుకు వస్తుందో అధికారులే దయచేసి పరిశీలించాలనీ. సలోమి మిషను సంగతి ప్రత్యేకంగా ఒక పేరా. పరాంకుశం గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"నీరు ఎంత ఎత్తుకు వస్తుందో పరిశీలించమన్నారు."

"అవునండీ. మట్టాలు కొలిచి..."

"మట్టాలెందుకమ్మా? నీరే వస్తే సరి."

నాలుగు రోజుల తర్వాత ఇంటింటికీ కరపత్రాలు పంచారు. గురువారం ఉదయం పది నుంచి పదకొండు వరకు మిల్లు కాలువ గేటు ఒక అడుగు మేర ఎత్తి, నాలుగో వీధిలో 'నియంత్రిత పునఃముంపు కార్యక్రమం' నిర్వహిస్తారట. నివాసులు తమ సామగ్రిని వరద నాటి స్థానాలలోనే ఉంచవలెనట. నాడు మేడ ఎక్కినవారు నేడూ ఎక్కవలెనట. నాడు కేకలు వేసినవారి విషయంలో మాత్రం అది వారి ఐచ్ఛికం.

"మేం ఒప్పుకోకపోతే?" అని మావారు అడిగారు. అంత మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

"ఒప్పుకోకపోతే మునగలేదని ఒప్పుకున్నట్లు," అన్నారు పరాంకుశం గారు.

బుధవారం ఆయన సామగ్రి తనిఖీకి వచ్చారు. సలోమి తన పాడైన మిషనును పాత చోటనే కిటికీ కింద పెట్టి ఉంచింది. ఆయన దాన్ని పెన్నుతో తట్టి చూశారు.

"ఇది చెల్లదు. పాడైన వస్తువు మరల పాడు కాజాలదు. నష్టం నిరూపణ కావాలంటే పనిచేయు మిషను ఉండాలి." ఆయన చూపు నా చేతి మిషను మీద పడింది. "అదిగో, అది పెట్టమ్మా ఇక్కడ."

సలోమి లేచి నిలబడింది. "చచ్చినదానికి రుజువు కావాలని బతికున్నదాన్ని ముంచమంటారా సార్?"

"భావోద్వేగాలకు ఫారంలో గడి లేదమ్మా."

"ఇది వదినగారిది. వాళ్లమ్మ పెట్టింది. నేను ముంచను."

ఆయన సహాయకుడి వైపు తిరిగి చెప్పి రాయించారు. "కుట్టు మిషను: లేదు. దర్జీ వృత్తి: నిరూపించబడలేదు."

గురువారం పదింటికి కాలువ దగ్గర కొబ్బరికాయ కొట్టి గేటు ఎత్తారు. అప్పటికే సలోమి చేతి మిషనునూ కత్తిరించిన గుడ్డలనూ మేడ మీదకు చేర్చింది. ఇరవై రెండు జతలు పూర్తయ్యాయి, నెలాఖరు ఎనిమిది రోజుల్లో ఉంది. టార్పాలిన్ కింద కూర్చుని ఆమె గుడ్డ జరుపుతుంటే నేను చక్రం తిప్పుతున్నాను. మావారు పిట్టగోడ మీంచి కిందికి చూస్తూ మాకు వార్తలు చెబుతున్నారు. పరాంకుశం గారు సలోమి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నారు. సహాయకుణ్ణి కాలువ గేటు దగ్గరికి పంపారు.

నీళ్లు వచ్చాయి. చీలమండల దాకా వచ్చినప్పుడు ఆయన టైము రాసుకున్నారు. మోకాళ్ల దాకా వచ్చినప్పుడు "సంతృప్తికరం" అనడం పైకి వినిపించింది. పదకొండుకు గేటు దింపమని ఫోను చేశారు. స్పీకరులో పెట్టారు కాబట్టి అవతలి మాటలు మేమూ విన్నాం.

"ఎక్కింది గానీ దిగట్లేదు సార్!"

"దిగకపోవుటకు కారణం?"

"తుప్పు సార్! పళ్లన్నీ తుప్పు పట్టేసినయ్!"

"తుప్పు ఎందుకు పట్టింది?"

"వరదకి సార్!"

"ఏ వరద? నాలుగో వీధి..." అని ఆయన ఆగిపోయారు. నీళ్లు ఆయన తొడలు దాటాయి.

మేడ మీంచి సలోమి కుట్టు ఆపకుండానే అంది, "అజాగ్రత్త తీవ్రతను బట్టి ఉంటదంట వదినగారూ."

నడుము దాకా వచ్చాక ఆయన ఫైలు నెత్తిన పెట్టుకుని మా మెట్ల వైపు వచ్చారు. మెట్ల మొదట్లో మేం కుక్కల కోసం పెట్టించిన చిన్న ఇనప గేటుంది. నీటి వేగానికి అది తెరుచుకోలేదు. మావారు "ఉండండి, నేనొస్తున్నాను" అంటుండగానే ఆయన దానిమీదెక్కి ఇవతలకు దూకారు. చర్రున ఒక చప్పుడు. గుడ్డ చిరిగే చప్పుడు సలోమికి చెప్పనక్కర్లేదు. ఆమె చేయి ఆగింది.

పైకి వచ్చిన పరాంకుశం గారు పిట్టగోడకు వీపు ఆనించి నిలబడ్డారు. ఎంతసేపటికీ అక్కణ్ణుంచి కదలరు. మావారు కుర్చీ వేస్తే కూర్చోరు. ఇంతలో ఆయన కోసం కింద పడవ వచ్చింది. పన్నెండున్నరకు సమీక్షా సమావేశం. నియంత్రిత పునఃముంపు విజయవంతమైందని ఆయన స్వయంగా నిలబడి నివేదించాలి.

"నిలబడి," అని ఆయన ఇంకోసారి అన్నారు, దిగులుగా. తర్వాత సలోమి వైపు చూశారు. "ఇదిగో అమ్మాయ్, కాస్త... ఒక్క కుట్టు వేసిపెట్టగలవా?"

"దేనిమీద వెయ్యమంటారు సార్?"

"ఆ మిషను మీదే."

"ఏ మిషను సార్? మీ కాగితంలో మిషను లేదుగా. పైగా నేను దర్జీనో కాదో మీకింకా తేలలా. ఊరూ పేరూ తెలియనిదాని చేతికి అంత మంచి ప్యాంటు ఎట్టా ఇస్తారు?"

మావారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగారు.

"చూడమ్మా," అన్నారు పరాంకుశం గారు, "నేను రాయలేక కాదు. రేఖ ఇంకా ఏర్పడలేదు. నీరు తీసిన తర్వాత గానీ రేఖ పడదు. గదిలో నీరున్నంతవరకు ముంపును నిర్ధారించుటకు నిబంధనలు అంగీకరించవు."

సలోమి మెడలోని టేపు తీసి ఆయన దగ్గరికి వెళ్లింది. కొస కాలితో తొక్కి పట్టి, టేపును ఆయన ప్యాంటు పొడవునా పైకి లాగింది. బెల్టుకు వేలెడు కింద, తెల్ల గుడ్డ చుట్టూతా బురద గీత దిద్దినట్టు ఉంది.

"మూడడుగుల ఒక అంగుళం. తెగలేదు. మీరు నా గదిలో నిలబడ్డప్పుడు పడిందే కద సార్?"

"గోడ అని ఉంది నిబంధనలో..."

"సార్, పడవ ఆగట్లేదు, లాక్కుపోతంది!" అని కింద నుంచి కేక.

పరాంకుశం గారు ఫైలు తెరిచారు. ఆయన మా వారి పచ్చగళ్ల లుంగీ కట్టుకుని, నీళ్ల ట్యాంకు మీద కాగితం ఆనించి రాశారు. 'స్వయముగా ముంపునకు లోనై పరిశీలించిన మీదట సదరు గృహము మునిగినదనియు, సలోమి అను దర్జీ యొక్క కాలి మిషను నీటమునిగి పాడైనదనియు ధ్రువీకరించడమైనది.' సంతకం చేసి సలోమికివ్వబోతే నేను అందుకుని చదివాను. తేదీ ఆ గురువారానిదే వేశారు. ఆ రోజు ఆ గదిలో పనిచేసే మిషను లేదని ఆయనే ముందురోజు రాయించి ఉన్నారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే సలోమికి మిగిలేది గాలి. తేదీ కొట్టించి ఆదివారం నాటి అసలు వరద తేదీ వేయించాను. దిద్దిన చోట మళ్లీ సంతకం పెట్టించాను. 'పాడైనదనియు' పక్కన 'మరమ్మతుకు వీలు లేదనియు' కూడా చేర్పించాను. ఆయన నన్ను ఒకసారి చూశారు, కాని లుంగీలో ఉన్న మనిషి చూపుకు పెద్ద బలం ఉండదు.

ఆ కాగితం మీదే అయిదు రోజుల్లో సలోమికి కొత్త మిషను వచ్చింది. చివరి మూడు రోజులు మా ఇంటి దీపాలు కూడా ఆమె గదిలోనే వెలిగాయి. అరవయ్యో జత హెడ్మిస్ట్రెస్ చేతిలో నెలాఖరు మధ్యాహ్నం పడింది. అదంతా తర్వాతి సంగతి.

అప్పుడు మాత్రం సలోమి కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని, ప్యాంటు తిరగేసి, చిరుగు కొసలు కలిపి, నేను చక్రం తిప్పుతుంటే రెండు వరసలు కుట్టింది. బయటికి కుట్టు కనబడనే లేదు. పరాంకుశం గారు తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూసి తృప్తిపడ్డారు. అంతలో ఆయన చూపు బురద గీత మీద పడింది.

"ఇదొక్కటీ కాస్త కడిగిస్తారా అమ్మా? మీటింగులో బాగుండదు."

అలవాటు కొద్దీ నా చేయి నీళ్ల చెంబు మీదకు పోయింది. సలోమి నా చేయి పట్టుకుంది.

"కడక్కండి వదినగారూ," అంది. "గీత పోతే సారు ఇక్కడికి రానేలేదంటారు."